పొంగు చెప్పిన చెయ్యి

తిరుమంగళంలో కందిపప్పు మిల్లు నడిపే అళగిరిసామి ఇంట్లో వంటగది మొత్తం పగలగొట్టి, గోడలకు కొత్త అరలు బిగించి, పై అరల కింద లైట్లు పెట్టించాలని పట్టుబట్టింది అతని భార్య ఉషా. "అత్తకి బాగా కనబడాల" అని అందరితోనూ చెప్పింది. విన్నవాళ్ళందరూ ఎంత మంచి కోడలు అన్నారు. అత్తకు బొత్తిగా కనబడదని ఆ ఇంట్లో ఉషాకు తప్ప ఎవరికీ తెలియదు.

అత్త సీతమ్మాళ్‌కు డెబ్భై దాటాయి. చూపు ఒక్కసారిగా పోలేదు. మొదట పక్కల చూపు పోయింది, తర్వాత మధ్యలో కూడా మసకబారి, చివరికి పగలూ రాత్రీ ఒకే బూడిదరంగు అయిపోయాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ పాత వంటగది ఆమెకు చెప్పాల్సిన అవసరం రానివ్వలేదు. ఉప్పు జాడీ ఎక్కడుందో, చింతపండు కుండ ఎక్కడుందో చేతులకే తెలుసు. పోపు వేగింది లేనిది చెవి చెప్పేది, పప్పు అడుగంటబోతోందని ముక్కు చెప్పేది. కొడుకు అళగిరిసామి ఆకులో ఏం పడిందో చూడకుండా ఫోను చూస్తూ తినే మనిషి. తల్లి తన ముఖం వైపు కాక గొంతు వచ్చిన వైపు తిరిగి మాట్లాడుతోందని గమనించే తీరిక అతనికెక్కడిది?

ఉషా గమనించింది. ఒకరోజు అళగిరిసామి తినకుండానే మిల్లుకు వెళ్ళిపోయాడు. అతను కూర్చునే చోట పరిచి ఉన్న ఆకులో సీతమ్మాళ్ అన్నం వడ్డించి, "నెయ్యి పొయ్యనారా?" అని అడిగింది. జవాబు రాకపోతే, కోపంలో ఉన్నాడనుకుని, నెయ్యి పోసి లోపలికి వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడి ఉషా అంతా చూసింది. చూసినవాళ్ళకు జాలి కలగాలి. ఆమెకు కలగలేదు. ఆకు మడిచి పారేసి, ఆ సంగతిని ఎవరికీ చెప్పకుండా దాచుకుంది.

ఎందుకు కలగలేదో చెబితే ఉషా తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టు ఉంటుంది. చెప్పకపోతే సీతమ్మాళ్‌ను దేవతను చేసినట్టు ఉంటుంది. సీతమ్మాళ్ దేవతేమీ కాదు. చూపున్న రోజుల్లో ఆ కళ్ళతో కోడలి ప్రాణం తీసింది. ఉషా చెరిగిన బియ్యంలో రాయి దొరికితే కేకలు వేసేది కాదు. ఆ రాయిని తీసి దాచిపెట్టి, అందరూ భోజనానికి కూర్చున్నాక ఉషా ఆకులో అన్నం మీద పెట్టేది. ఒక్క మాట అనేది కాదు. మేట్టుపాళయం నుంచి కోడలిగా వచ్చిన ఉషా, తన పిల్లలు కాలేజీలకు వెళ్ళే వయసు వచ్చినా ఆ ఇంట్లో తరిగింది, కడిగింది, రుబ్బింది. పొయ్యి మీద గరిటె మాత్రం పెట్టలేదు. పుట్టింటివాళ్ళు వస్తే వాళ్ళకు కాఫీ కలపాలన్నా అత్తను అడగాలి. అడిగితే అత్త ముందు పాలగిన్నె వైపు చూసి, తర్వాత ఆ వచ్చినవాళ్ళ వైపు చూసి, అప్పుడు సరేననేది.

పోనీ, ముసలామె ఎప్పటికైనా పక్కకు తప్పుకుంటుంది కదా అంటే, వాళ్ళ వంశంలో వయసు మీద పడితే పొయ్యి చేతులు మారదు. పొంగును బట్టి మారుతుంది. కొత్త పొయ్యి పెట్టిన రోజున దాయాదులందరినీ, వాళ్ళ మాటలో పంగాళ్ళను, పిలిచి, కులదైవం చిన్నక్కమ్మ పేరు తలచుకుని ఇత్తడి గిన్నెలో పాలు పెడతారు. పాలు మొదట ఏ దిక్కుకు ఒలికాయో ఇంటి ఆడమనిషి ఒకరు దగ్గర నిలబడి చెప్పాలి. పొంగు చెప్పిన ఆమే ఆ పొయ్యి మీద మొదటి అన్నం వండుతుంది. మళ్ళీ పొయ్యి మారేదాకా వంటగది ఆమెది. చిన్నక్కమ్మ మొగుడు పోయాక ఒంటరిగా పిల్లల్ని సాకిన మనిషట, అందుకని విధవ పనికిరాదన్న మాట వాళ్ళలో లేదు. చూపులేనిది పనికిరాదని కూడా ఎవరూ ఎప్పుడూ అనలేదు, అనాల్సిన అవసరం రాలేదు.

కాబట్టి పొయ్యి మారాలి. ఉషా మొగుడిని నాలుగు నెలలు సతాయించింది. సీతమ్మాళ్ వద్దంది. పాతదానికి ఏమైందంది, పొగ గొట్టం బాగానే ఉందంది. అసలు కారణం చెప్పలేదు గనక ఆమె మాట ముసలితనపు చాదస్తంగా తేలిపోయింది. గడపారలు దిగాయి. కిటికీ మూసేసి అక్కడ నిలువెత్తు అర కట్టారు. ఉప్పుకు సొరుగు, పప్పులకు సొరుగు, అన్నీ ఒకే రకం, నున్నగా, పిడి కూడా లేకుండా. ఇంతకాలం చేతులతో నేర్చుకున్నదంతా ఒక్క వారంలో ట్రాక్టరెక్కి వెళ్ళిపోయింది. సీతమ్మాళ్ ఆ వారమంతా హాల్లో కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉంది. భయపడింది. ఆమెను ఎరిగినవాళ్ళు ఎవరూ ఆమె భయపడగా చూసి ఉండరు, అప్పుడు కూడా చూడలేదు.

లైట్ల పనికి సతీష్‌కుమార్ వచ్చాడు. వాళ్ళ కులంవాడే, నోటినిండా మాట్లాడే మనిషి. పై అరల అడుగున సన్నటి అల్యూమినియం చానల్ బిగించి, అందులో ఎల్‌ఈడీ పట్టీ అంటించాడు. వైరు కనబడకుండా అర వెనక నుంచి రంధ్రం చేసి పైకి తీసుకున్నాడు. పట్టీకి కరెంటు ఇచ్చే అడాప్టర్‌ను పై అరలోనే ఒక ప్లగ్‌కు పెట్టుకునేలా చేశాడు. స్విచ్చి మాత్రం కింద, పొయ్యికి ఎడమపక్క గోడ మీద.

ఉషా మేడ మీద బట్టలు ఆరేస్తుండగా సీతమ్మాళ్ గోడ తడుముకుంటూ లోపలికి వచ్చింది.

"ఎవురబ్బా పని చేసేది?"

"నేను సతీషు, అవ్వా. పళనియమ్మాళ్ మనవడ్ని."

"ఈ లైటు ఏ కలరు?"

"పాల మాదిరి తెలుపు, అవ్వా. పసుపు కూడా వస్తాది, ఉషాక్క తెలుపే కావాలన్నారు."

"వెలుతురు ఎక్కడ పడతాది?"

"నేరుగా పొయ్యి మీద. ఇప్పుడు పైన లైటు వేసుకుంటే మన తల నీడ మన చేతి మీదనే పడతాది కదా? ఇది ముందర నించి వస్తాది, నీడే ఉండదు. కరివేపాకు ఈనె కూడా ఎంచవచ్చు, చూసుకో అవ్వా, పాత్తుక్కో!"

సీతమ్మాళ్ పెదాలు కదిపింది. పాల మాదిరి తెలుపు. నీడే ఉండదు. కరివేపాకు ఈనె. బడిపిల్ల పద్యం వల్లె వేసినట్టు వేసుకుంది. తర్వాత చెయ్యి చాపి, "స్విచ్చి ఎక్కడ పెట్టినావు? నా వేలు దాని మీద పెట్టు" అంది. ముసలివాళ్ళ ముచ్చట అనుకుని సతీష్ ఆమె వేలు పట్టుకుని స్విచ్చి మీద పెట్టాడు. ఆమె ఆ చోటు నుంచి పొయ్యి అంచుదాకా జానలతో కొలుచుకుంది. వెళ్ళిపోయేముందు, "నేనొచ్చినట్టు నా కోడలితో చెప్పబాకు" అంది.

అతను చెప్పకుండా ఉంటాడా! ఉషా దిగి రాగానే నవ్వుతూ, "అవ్వకి లైటు మీద బలే ఆశ అక్కా, కలరేంది, ఎక్కడ పడతాది, అంతా అడిగిపోయినారు" అన్నాడు.

ఉషా కాసేపు ఆ పట్టీనే చూస్తూ నిలబడింది.

"సతీషూ, ఆ ప్లగ్ ఇప్పుడు పెట్టబాక. ఊడదీసే ఉండనీ. స్విచ్చి మాత్రం పని చేసేట్టు టిక్కుమనాల."

"ప్లగ్ పెట్టకపోతే లైటు రాదే అక్కా?"

"తెలుసు. పాలు పొంగించే పొద్దు నేనే పెడతా. అత్తకి సర్‌ప్రైజు."

సర్‌ప్రైజ్ అన్న మాటతో అతను సమాధానపడ్డాడు. ఏం సర్‌ప్రైజని అడగలేదు. చేసిన పనిని నలుగురూ చూస్తారు కాబట్టి ఆ రోజు తనూ వస్తానన్నాడు, రమ్మంది.

పాలు పొంగించే రోజు పొద్దున్నే పంగాళ్ళు దిగారు. మాట్టుతావణి వైపు నుంచి అళగిరిసామి చిన్నాయన లక్ష్మణన్, ఆయన భార్య వళ్ళియమ్మాళ్ బస్సు దిగి వచ్చారు. సీతమ్మాళ్ భర్త పోయాక వంశానికి పెద్ద ఆయనే. ఇంకా పదిమంది వచ్చి వంటగది గుమ్మందాకా కిక్కిరిశారు. కిటికీ మూసేశాక ఆ గది పగలు కూడా చీకటే. హాల్లోంచి వచ్చే వెలుతురులో కొత్త అరలు లీలగా మెరుస్తున్నాయి. సీతమ్మాళ్ పట్టుచీర కట్టుకుని, తల పైకెత్తుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడింది. హాలు నుంచి అక్కడికి ఎన్ని అడుగులో ఆమె ముందే చూసుకుని ఉంటుంది.

"ముందు లైటు, అత్తా" అంది ఉషా. అందరికీ వినబడేలా, తేనె పూసినట్టు అంది. "మీకోసరం పెట్టించింది కదా, మీ చేత్తోనే వెయ్యండి."

సీతమ్మాళ్ ఎడమ చెయ్యి తిన్నగా స్విచ్చి మీదికి పోయింది. ఒక్క వేలెడైనా అటూ ఇటూ కాలేదు. స్విచ్చి టిక్కుమంది.

గది చీకటిగానే ఉంది.

"అబ్బా!" అంది సీతమ్మాళ్. ముఖమంతా నవ్వు తెచ్చుకుంది. "పాల మాదిరి తెల్లంగా ఎట్ల పడతా ఉండాదో చూడండి! నీడే లేదు. లక్ష్మణా, చూసినావా, ఈ వెలుతుర్లో కరివేపాకు ఈనె కూడా ఎంచవచ్చు."

అక్కడ నిలబడ్డ ఇంతమందిలో, లైటింకా రాలేదు వదినా, అని వెంటనే అనగలిగినవాడు ఒక్కడు ఉండి ఉంటే, ఆమె తడబడి, కరెంటు పోయిందేమోనని ఏదో ఒకటి సర్దుకునేది. ఒక్కడూ అనలేదు. వెనకాల వళ్ళియమ్మాళ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా నవ్వు కొంచెం బయటికి వచ్చింది. సతీష్‌కుమార్‌కు అప్పుడు అర్థమైంది. పై అర తలుపు మీదికి చెయ్యి పోనిచ్చాడు. ఉషా అతని వైపు ఒక్క చూపు చూసింది, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ ఇంట్లో మేడ మీది పని ఇంకా మిగిలి ఉంది అతనికి.

నవ్వు విన్న వైపు సీతమ్మాళ్ ముఖం తిరిగింది. ఇంకా నవ్వుతూనే ఉంది, కాకపోతే ఆ నవ్వు ఎందుకో ఆమెకిప్పుడు తెలియదు.

"లైటింకా కలపలేదు, అత్తా" అంది ఉషా నెమ్మదిగా.

అప్పుడు నవ్వు పోయింది.

"ఏమ్మా, ఎప్పట్నించి?" అన్నాడు అళగిరిసామి. "నా దగ్గర ఏమిటికి చెప్పలే?" అతని గొంతులో బాధ ఉంది, కాదనను. ఆ బాధలో సగం, పదిమందిలో తన పరువు పోయిందన్నది.

లక్ష్మణన్ గొంతు సవరించుకున్నాడు. "సరి, జరిగింది జరిగిపోయె. వదినా, మీరు కొంచెం తొలగండి. పొంగు చూసి చెప్పాల. ఉషా చెప్పనీ."

సీతమ్మాళ్ కదల్లేదు.

"చూసి చెప్పాలని ఎవురు చెప్పినారు? పొంగు చెప్పాల, అంతే. మీ అమ్మ నాకు అట్లనే చెప్పిచ్చింది. నేను తొలగితేనే ఇంకొకరు చెప్పేది. నేను తొలగలే. పాలు పెట్టండి."

లక్ష్మణన్ ఉషా వైపు చూశాడు. తప్పు దిక్కు చెప్పి రెండోసారి నవ్వులపాలైతే ఇంకా మంచిదే అనుకుందేమో, ఉషా సరేనన్నట్టు తలాడించింది. ఇత్తడి గిన్నె నిండా పాలు పోసి పెట్టింది. పొయ్యి వెలిగించి, మంట పూర్తిగా పెంచింది.

వంట చేసేవాళ్ళు తూర్పు ముఖంగా నిలబడేలా కొత్త పొయ్యి కూడా తూర్పు గోడకే పెట్టారు. సీతమ్మాళ్ వేలి కొసలతో పొయ్యి రాతి అంచు వెతుక్కుంది. గిన్నె వేడి ఎక్కడి నుంచి వస్తోందో చూసుకుంది. తర్వాత కుడిచెయ్యి ఎత్తి, వేళ్ళు బాగా చాపి, గిన్నె మూతి మీద బోర్లా పట్టుకుంది. నడిమి వేళ్ళు తూర్పుకు, బొటనవేలు ఉత్తరానికి, చిటికెనవేలు దక్షిణానికి, మణికట్టు పడమరకు. ఏం చేయబోతోందో అప్పుడు అందరికీ తెలిసింది.

"అయ్యో, ఎవురైనా పట్టుకోండప్పా!" అంది వళ్ళియమ్మాళ్. తను మాత్రం అడుగు ముందుకు వేయలేదు.

పొంగు చెప్పేదాకా చెప్పే మనిషిని తాకకూడదన్న నియమం ఒకటి ఉంది. ఎన్నడూ ఎవరూ పట్టించుకోని ఆ నియమం ఆ పూట అందరికీ చక్కగా గుర్తొచ్చింది. కొడుక్కి కూడా.

ఆవిరి ముందు వచ్చింది. సీతమ్మాళ్ మెడ నరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. పాలు గొణుగుతూ లేచాయి, నురగ అరచేతికి తగిలింది. ఆమె నోటి నుంచి ఒక చిన్న మూలుగు వచ్చింది, అంతే. చెయ్యి తీయలేదు. పాలు ఆ చేతి కింద కాసేపు కుతకుతలాడి, వేలి కొసల వైపు ఒరిగి, నడిమి వేళ్ళ మధ్య నుంచి జారి గోడ వైపు దుమికాయి.

"తూర్పు" అంది సీతమ్మాళ్.

తూర్పే. అందరూ చూశారు. లక్ష్మణన్ కూడా "తూర్పే" అన్నాడు, అనకుండా ఉండలేక అన్నాడు. ఆడవాళ్ళ నోటి నుంచి అలవాటుగా కులవ, శుభకార్యాల్లో నాలుక ఆడిస్తూ వేసే కూత, లేచింది. ఆ కులవ అయ్యేంతసేపు సీతమ్మాళ్ గెలిచింది. గుడ్డిదైనా, చెయ్యి గిన్నె మీదే ఉన్నా, పొయ్యి ఆమెది. కాదనే నోరు పంగాళ్ళలో ఎవరికీ లేదు.

ఉషా మంట ఆర్పింది. పై అర తెరిచి ప్లగ్ పెట్టింది.

నిజంగానే మంచి లైటు. పాలలా తెల్లగా, ఒక్క నీడ లేకుండా పడింది. ఆ వెలుతురులో చెయ్యి కనబడింది. అరచెయ్యంతా ఎర్రగా ఉబ్బి, వేళ్ళ మీద చర్మం తడికాగితంలా ముడతపడి జారుతోంది. చూసినవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. చూడలేనిది ఆ చెయ్యి గల మనిషి ఒక్కతే.

"అయ్యో అత్తా!" ఉషా ఆమె మణికట్టు పట్టుకుని పంపు కింద పెట్టింది. ఎంత మెత్తగా పట్టుకుందో అందరూ చూశారు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి దొంగ నీళ్ళని కూడా నేను అనలేను. "ఇదేం మొండితనం అత్తా? ఈ చేత్తో అన్నం ఎట్ల వండతారు? ఇంక ఎన్నాళ్ళకి మానతాదో!"

"పొంగు నేను చెప్పినాను" అంది సీతమ్మాళ్. నొప్పికి పళ్ళు గిట్టకరుచుకుని అంది. "మొదటి అన్నం నాది."

"మీదే అత్తా. ఎవురు కాదన్నారు? మీ పేరు చెప్పి నేను వండతా. చెయ్యి మానేదాకా."

"ఆమా, సరే, అదే న్యాయం" అన్నాడు లక్ష్మణన్, బరువు దిగినవాడిలా.

"మానినా గానీ ఇంక పొయ్యి దగ్గరికి పంపేది లేదు" అన్నాడు అళగిరిసామి. "చూస్తిరి కదా చిన్నాయనా, ఒళ్ళు తగలబెట్టుకునేట్టుంది."

ఆమె చేతనవునని చూపించిన చెయ్యే ఆమెకు చేతకాదనడానికి సాక్ష్యమైంది. సీతమ్మాళ్‌కు ఇది అర్థమైంది. నోరు తెరిచింది. ఏం చెప్పినా ఆ చెయ్యి ముందు నిలబడదని తెలిసి మూసుకుంది. చేతికి తడిగుడ్డ చుట్టి హాల్లోకి నడిపించుకుపోయారు. ఈసారి ఇద్దరు పట్టుకున్నారు. అళగిరిసామి డాక్టరుకు ఫోను చేశాడు. అన్నం తినిపించి తీసుకురమ్మన్నాడట.

సతీష్‌కుమార్ ఒలికిన పాలు గుడ్డతో తుడిచేసి, గిన్నె పక్కకు జరిపి, వెలుగుతున్న వంటగదిని ఫోనులో మూడు కోణాల నుంచి ఫోటోలు తీసుకున్నాడు. తర్వాతి గిరాకీలకు చూపించడానికి బాగుంటాయి. తర్వాత అందరితోపాటు పంక్తిలో కూర్చున్నాడు.

కొత్త పొయ్యి మీద మొదటి అన్నం ఉషా వండింది. ఆమె పెట్టిన పప్పు బాగుందని, లైటు బాగుందని పంగాళ్ళు అన్నారు. తను కూర్చోకుండా ఉషా ముందు అత్తకు పళ్ళెం తెచ్చింది. కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, అన్నం కలిపి, ముద్ద చేసి పట్టుకుంది. హాల్లో అందరూ చూస్తున్నారు.

"నోరు తెరవండి, అత్తా."

సీతమ్మాళ్ తెరవలేదు. పిల్లలను బుజ్జగించినట్టు ఉషా మళ్ళీ అంది. అళగిరిసామి, "తినమ్మా, డాక్టరు దగ్గరికి పోవాల" అన్నాడు. చెయ్యి మండిపోతోంది. ఆకలి కూడా వేస్తోంది. ముసలామె నోరు తెరిచింది.

నమిలింది. మింగింది. ముఖం చిట్లించి, వెనకటి గొంతుతోనే, ఇంటిల్లిపాదీ గడగడలాడిన ఆ గొంతుతోనే అంది.

"పప్పులో ఉప్పు తక్కువ."

ముందు వళ్ళియమ్మాళ్ పకపకా నవ్వింది. లక్ష్మణన్ నవ్వాడు. పంక్తి పొడుగునా అందరూ, చంటిపిల్ల మొదటిసారి మాట్లాడితే నవ్వినట్టు, ముద్దుగా నవ్వారు.

"వదినకి నోరు మాత్రం అట్లనే ఉండాదప్పా" అన్నాడు లక్ష్మణన్.

ఉషా కూడా నవ్వి, "సరి అత్తా, రేపు ఎక్కువ వేస్తా" అంటూ, ఉప్పు వేయకుండానే రెండో ముద్ద కలిపింది.